సిపాయి తూకం

డిసెంబరు 16, మంగళవారం
పొద్దున 5:10

ఈ పొద్దుతో ధనుర్మాసం మొదలు. మా సిపాయి పథ్యం కూడా మొదలు. రెండూ ఒకే ముహూర్తానికి పెట్టినా. ప్లానింగ్ అంటే ఇదీ!

సిపాయి అంటే మా కుక్క. లాబ్రడార్. నాలుగేండ్లోడు. నేను సంపత్కుమార్, తిరుపతిలో హైస్కూలు పీఈటీ సారును. ఇరవై రెండేండ్లుగా పిల్లోళ్ళను గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తా ఉండా. అట్లాంటి నా ఇంట్లో కుక్క మేడ మెట్లు సగం ఎక్కి, ఆడనే కూలబడి, లిఫ్టు యాడుందిరా అన్నట్టు నా మొగం చూస్తాడు. పరువు పోతా ఉండాది.

నిన్న డాక్టర్ ఉమ్మే సల్మా గారి క్లినిక్కుకు తీసకపోయినాము. తూకం నలభై ఒక్క కిలోలు. ఉండాల్సింది ముప్పై. ఆమె వాడి ఒళ్ళంతా తడిమి పక్కటెముకల కోసం వెతికింది. దొరకలా.

"సార్, వీడి వెనక మోకాళ్ళు ఇంత బరువు మొయ్యలేవు. లోపల లిగమెంటు నరం తెగిందంటే నడక పోతుంది. అప్పుడు ఆపరేషన్ చేద్దామన్నా, ఇంత కొవ్వులో మత్తు ఇవ్వడం ప్రమాదం. ఇప్పుడే తగ్గించండి" అనింది.

వాడు కాళ్ళీడ్చుకుంటా పాకేది నేను చూడలేను. చూడను. తగ్గిస్తా!

చార్టు రాసి ఫ్రిజ్జుకు అంటించినా.
5:30 నడక.
7:00 డాక్టరమ్మ ఇచ్చిన కప్పుతో ఒక కప్పు గింజలు. గోపురం కట్టకుండా, అంచుకు సమంగా.
సాయంత్రం ఇంకో కప్పు. ఉడకబెట్టిన సొరకాయ.
మధ్యలో గాలి.

మా కూతురు శ్రీవేద ఇంజనీరింగు చదవతా ఉండాది. చార్టు చదివి, నా పొట్ట చూసి, "నాయనా, ఇది వాడికా నీకా?" అనింది. విజిల్ ఊదినా.

డిసెంబరు 18, గురువారం

అద్భుతం! మొన్న వీధి చివరికి పోయేదానికి పది నిమిషాలు పట్టింది. ఈ పొద్దు నాలుగే! స్టాప్‌వాచే సాక్షి. గొలుసు గుంజేది వాడు, ఎగిరెగిరి పడేది నేను. మంచులో ముగ్గులేస్తా ఉండే ఆడోళ్ళంతా లేచి నిలబడి చూసినారు. ఛాతీ ఉప్పొంగిపాయె.

కోచింగ్ అంటే పిల్లోళ్ళకైనా కుక్కలకైనా ఒకటేనబ్బా. కావాల్సింది క్రమశిక్షణ.

డిసెంబరు 20, శనివారం

క్రమశిక్షణ కాదు. పొంగలి.

వీధి చివర భజన మందిరం ఉండాది. ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లారుజామున ఆడ చక్కెర పొంగలి. వండేదీ, పూజ చేసేదీ మునిశేఖర్. నేను మందిరం ముందర నిలబడి దండం పెట్టుకొని కండ్లు తెరిచేలోపల, సిపాయి వెనక వాకిట్లో ఒక దొన్నె ఖాళీ చేస్తా ఉండాడంట. రోజూ! ఈ పొద్దు నేను కండ్లు మూసుకోలా. అందుకని దొరికినాడు.

"ఏమప్పా మునిశేఖర్, వీడు పథ్యంలో ఉండాడు!"

"ప్రసాదానికి పథ్యమేంది సారూ? మూగజీవి ఇట్ల తోకాడించి అడగతా ఉంటే లేదని ఎట్ల సెప్పేది? పాపం రాదా?"

మాది మూడు తరాలుగా నామాలు పెట్టుకునే కొంప. ప్రసాదం వద్దనే మాట మా నోట్లో తిరగదు. వాడు నా చేతిలో కూడా ఒక దొన్నె పెట్టినాడు. కండ్లకద్దుకొని తినేసినా. బాగుండాది.

డిసెంబరు 21, ఆదివారం

డాక్టరమ్మకు ఫోన్ చేసినా. ప్రసాదమే కదా, పిడికెడే కదా అని అడుగుదామని. ఆమె బెల్లం మాటే ఎత్తలా.

"అందులో ఎండుద్రాక్ష వేస్తారా?"

"దండిగా వేస్తారు మేడం."

"సార్! కుక్కలకు ఎండుద్రాక్ష విషం! కిడ్నీలు పోతాయి! ఇన్నాళ్ళు తిన్నా ఏం కాలేదంటే వాడి అదృష్టం! ఇంక అసలు పెట్టొద్దు!"

చెప్పులు కూడా తొడక్కుండా మందిరానికి పరిగెత్తినా. విషయం చెప్తే మునిశేఖర్ లెంపలేసుకున్నాడు. పాపం, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి వాడికి.

"రేపట్నించి వాడి దొన్నెలో ఒక్క ద్రాక్ష ఉంటే నన్నడగండి సారూ. దానికి బదులు ఇంకో గరిట నెయ్యి ఏస్తా."

డిసెంబరు 22, సోమవారం

ఈ రోజు అసలు దెబ్బ తగిలింది. ఇంట్లోనే.

నేను కప్పు అంచుకు సమం చేస్తా ఉంటే నా భార్య వకుళ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, పథ్యం ఆపండి."

"ఎందుకు?"

"మొక్కుండాది."

సిపాయి మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు పార్వో జ్వరం వచ్చి, నెత్తురు కక్కుకొని, చావు దాకా పోయినాడు. అప్పుడు వకుళ మొక్కుకుందంట, వీడు బతికితే తూకానికి తూకం చిత్తూరు బెల్లం భజన మందిరానికి ఇస్తానని. అప్పుడు వాడు ఏడు కిలోలు. వచ్చే నెల, వచ్చే నెల అంటా నాలుగేండ్లు చేసిందంట.

"సరే, వాణ్ణి ముప్పైకి దించినాక తీరుద్దాంలే."

ఆమె నన్ను దొంగను చూసినట్టు చూసింది. "నలభై ఒకటి ఉండేవాణ్ణి కావాలని ముప్పై చేసి తూకమేస్తారా? మిగతా పదకొండు కిలోలు దేవుడికి ఎగ్గొట్టినట్టు కాదా? మళ్ళీ వాడికేమన్నా అయితే ఎవురిది పూచీ?"

శ్రీవేద లెక్కలు చెప్పబోయింది. వకుళ కన్నెర్ర చేసేసరికి ఫోన్లోకి దూరిపోయింది.

డిసెంబరు 23, మంగళవారం

ఆలోచిస్తే వకుళ మాటలో న్యాయం ఉండాది.

పైగా స్కూల్లో గేమ్స్ మీట్ పని. పైగా చలి. పైగా వాడు కూడా నిన్నట్నించి మొగం వేలాడేసినాడు, ఒత్తిడి మంచిది కాదు. వారమే కదా! ముక్కోటి ఏకాదశి 30న. ఆ రోజు మొక్కు తీరుస్తాము. 31 నుంచి పథ్యం. ఉక్కు పథ్యం!

అందాకా వాడి బరువు తగ్గకూడదు. పెరగకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాల. అంటే మామూలుగా తిననియ్యాల.

కప్పు అటక మీద పెట్టేసినా.

డిసెంబరు 26, శుక్రవారం

వకుళ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. ఎందుకంటే చెప్పదు. "నడకలకు తీసకపోయి వాణ్ణి కరిగించేసినారేమో, చూస్తే చిక్కినట్టుండాడు" అంటాది.

సిపాయి రెండు తిన్నాడు. నేను నాలుగు. కండబట్టాల్సింది వాడికి గదా, నాకెందుకో తెలీదు.

డిసెంబరు 29, సోమవారం

నాయబ్ రసూల్ భాయ్ బెల్లం మండీకి పోయినాము. చిత్తూరు బెల్లం తప్ప వేరే సరుకు అమ్మడాయన. మొక్కు సంగతి చెప్తే భాయ్ గంభీరంగా తలూపి, కాటా గుడ్డతో తుడిచి, "మొక్కు తూకం నేనే వేస్తా, పనోళ్ళెవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. పెద్దమనిషి.

సిపాయి కాటా ఎక్కడే! ఎక్కించినా దిగేస్తాడు. ముందు కాళ్ళు పెడితే వెనక కాళ్ళు కిందుంటాయి. మండీలో హమాలీలంతా గుంపయినారు. విజిల్ ఊదినా. సిపాయి తప్ప అందరూ నిలబడినారు.

ఆఖరికి భాయ్ ఒక బెల్లం గడ్డ కొట్టి కాటా మధ్యలో పెట్టినాడు. సిపాయి ఎక్కి కూర్చున్నాడు. బుద్ధిమంతుడు!

నలభై మూడున్నర.

"భాయ్, బెల్లం గడ్డ కూడా తూకంలో కలిసింది, తీసెయ్."

"అది ఇప్పుడు వాడి లోపల ఉండాది సారూ."

వకుళ నలభై నాలుగు చేయించింది. దేవుడి కాడ అర కిలోకు గీసి బేరమేందని.

నలభై మూడున్నర! రెండు వారాల పథ్యంలో రెండున్నర కిలోలు పెరిగినాడు. ఇది నేను డాక్టరమ్మకు చెప్పలేను. బట్టల బరువు అందామంటే వాడు బట్టలేసుకోలేదు కదా, ఇంకేం చెప్తా?

డిసెంబరు 30, మంగళవారం. ముక్కోటి ఏకాదశి

మొక్కు తీరింది! బెల్లం మూటలు మందిరంలో దించినాము. మునిశేఖర్ సంకల్పం చెప్పేదానికి పుస్తకం తెరిచి, "గోత్రం ఏం సారూ?" అన్నాడు.

"ఎవరిది?"

"సిపాయిది. మొక్కు వాడిది గదా."

నేను నోరు తెరిచేలోపల వకుళ మా గోత్రమే చెప్పేసింది. శ్రీవేద, "అయితే ఆస్తిలో వాటా కూడానా?" అనింది.

ఇంటిల్లిపాదీ ఉపవాసం. సిపాయి కూడా. అంటే అన్నం ముట్టలా. పాలు, అరటిపండ్లు, సగ్గుబియ్యం, వేయించిన పల్లీలు, మళ్ళీ పాలు. మామూలు రోజుల్లో కూడా ఇంత తినడు.

పోనీలే. రేపట్నించి ఉక్కు.

జనవరి 1, గురువారం

ఉక్కు కాదు, బెల్లం.

మేమిచ్చిన నలభై నాలుగు కిలోలతో మునిశేఖర్ మిగతా ధనుర్మాసమంతా పొంగలి వండతాడంట. తెల్లారుజామున మైకులో వినపడింది: "ఈ దినము ప్రసాదమునకు బెల్లము సమర్పించిన దాత, చిరంజీవి సిపాయి!"

మొదటి దొన్నె దాతకే. అది మందిరం రూలంట. మా తాత కాలం నించి ఉండే రూలును కుక్క కోసం ఎట్ల మార్చేది?

వీధిలో వాడి పరపతి పెరిగిపోయింది. దోవన పోయేవాళ్ళు నిలబడి, "దాతగారూ!" అని ఏదో ఒకటి నోట్లో పెట్టి పోతా ఉండారు. బిస్కెట్టు, ఇడ్లీ, వడ. ముప్పై ఏండ్లు ఈ వీధిలో కాపురముండా, నాకెవురూ ఒక వడ పెట్టలా.

పథ్యం సంక్రాంతి పోయినాక మొదలుపెడితే మేలు. శాస్త్రీయంగా కూడా.

జనవరి 4, ఆదివారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు.

పొద్దున సిపాయి మేడ మీద పడుకొని ఉండె. మైకులో వాడి పేరు వచ్చింది. ఆ పేరు ఇప్పుడు వాడికి బాగా తెలుసు. లేచి పరిగెత్తినాడు. మెట్లు దిగలా, జారినాడు. మూడు మెట్లు. కుయ్యోమని ఒకే ఒక్క అరుపు. తర్వాత చప్పుడు లేదు. నేను పోయేసరికి కింద పక్కవాటుగా పడుండాడు, వెనక కుడికాలు కడుపులోకి ముడుచుకొని.

నన్ను చూసి తోకాడించినాడు. అదే నేను తట్టుకోలేకపోయినా.

జనవరి 5, సోమవారం

మోకాలి లోపల నరం తెగింది. సగం దాకా.

డాక్టరమ్మ తూకమేసింది. నలభై నాలుగు కిలోల ఎనిమిది వందలు. ఆమె నన్ను తిట్టింటే బాగుండె. కాగితం మీద ఆ నెంబరు రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"ఇప్పుడు మత్తు ఇవ్వలేను సార్. గుండె తట్టుకోకపోవచ్చు. వారం కదలనీయొద్దు. తర్వాత గొలుసు పట్టుకొని మెల్లగా హాల్లోనే నాలుగడుగులు. బరువు మాత్రం తగ్గాల్సిందే. తగ్గితే కాలు నిలబడొచ్చు. తగ్గకపోతే..." అని ఆపింది.

ఇంటికొచ్చేసరికి మునిశేఖర్ అరుగు మీద కూర్చోనుండాడు. "పుత్తూరుకు ఎత్తకపోదాం సారూ. ఆడ ఎముకలకు కట్టే కట్టు కడితే వారంలో లేసి తిరగతాడు, సూడు." నేను సగం కారెక్కినా కూడా. శ్రీవేద తాళం లాక్కొనింది. "నాయనా, విరిగింది ఎముక కాదు. వాడు మనిషి కాదు. డాక్టర్ చెప్పినట్టు ఒక్కసారి, ఒకే ఒక్కసారి విను!"

ఆ పిల్లే కారు తలుపు తీసి పట్టుకుంది. దిగినా.

జనవరి 6, మంగళవారం

వకుళ నిన్నట్నించి అన్నం ముట్టలేదు. సిపాయి పక్కన చాప వేసుకొని కూర్చుంది.

"దేవుడికి పదకొండు కిలోలు ఎగ్గొట్టకూడదని వాడి కాలు పోగొట్టినా" అని ఏడ్చింది. నేను ఏమన్నా ఓదార్చాల గదా. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఏడ్చినాము. సిపాయి మా ఇద్దరి మొగాలూ మార్చి మార్చి చూసి, ఏమన్నా తినేదానికి పెడతారేమోనని వకుళ చెయ్యి నాకినాడు.

ఆమె కండ్లు తుడుచుకొని కొత్త మొక్కు మొక్కుకుంది. నాకు గుండె ఆగినంత పని అయ్యింది. ఈసారి ఇచ్చే మొక్కు కాదు, వదిలే మొక్కంట. సిపాయి మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నడిచేదాకా ఆమె తీపి ముట్టదు. ఇంట్లో తీపి వండదు.

"మీరు ఏం వదలతారు?"

"గుమ్మడికాయ."

"మీకు గుమ్మడికాయే పడదు! ఇష్టమైంది వదలాల."

చాలాసేపు బేరమాడినా. ఆఖరికి మురుకులు వదిలినా. నోటితో చెప్పినా గానీ లోపల ఏదో ఊడిపోయినట్టు అయ్యింది.

అటక మీది కప్పు దించినా. దుమ్ము పట్టుండె.

జనవరి 9, శుక్రవారం

ఈసారి నిజంగా. ఒక కప్పు. అంచుకు సమంగా. సొరకాయ.

సిపాయి తిని, ఖాళీ గిన్నె నాకి, గిన్నెను ముట్టెతో తోసుకుంటా నా కాలి దాకా తెచ్చి పెట్టి, పడుకున్నాడు. చూడకుండా టీవీ పెట్టినా. టీవీలో వంటల ప్రోగ్రామ్. ఆపేసినా.

వకుళ వీధిలో ఇల్లిల్లూ తిరిగి, "మా వాడికి ఏమన్నా పెడితే నాకు విషం పెట్టినట్టే" అని చెప్పి వచ్చింది. ఇంగ వడ రాదు. బిస్కెట్టు రాదు. వీధి గజగజ.

జనవరి 14, బుధవారం. భోగి

మునిశేఖర్ మందిరం నుంచి దొన్నె తెచ్చి గుమ్మంలో నిలబడినాడు. "అమ్మా, ఆఖరి రోజు పొంగలి. దాతకు..."

వకుళ ఎదురుపోయింది. వద్దనలా. రెండు చేతులా తీసుకొని, కండ్లకద్దుకొని, నేరుగా పక్కింటికి నడిచి ఆ ఇంటామె గోదా చేతిలో పెట్టేసి వచ్చింది. ఒక్క మెతుకు లోపలికి రాలా! సిపాయి ముక్కు మాత్రం ఆ దొన్నె ఎటు పోతే అటే తిరిగింది. నాది కూడా.

పండగ పూట మా ఇంట్లో వంట: సద్ద సంగటి, సొరకాయ పప్పు.

జనవరి 16, శుక్రవారం

నలభై మూడు కిలోల నాలుగు వందలు! తగ్గినాడు! క్లినిక్కులోనే ఎగిరినా. నడుం పట్టింది.

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. గానీ సిపాయి మాత్రం కాలు కింద పెట్టడం లేదు. ఎత్తి పట్టుకొని మూడు కాళ్ళ మీద నిలబడి, కూలబడతాడు. "నొప్పి తగ్గింది సార్, భయం తగ్గలేదు. కాలు ఆనించకపోతే తొడ కండ కరిగిపోతుంది. ఎట్లయినా నడిపించండి."

సాయంత్రం అంతా ప్రయత్నం. విజిల్. బంతి. గొలుసు. బతిమాలినా. తిట్టినా. శ్రీవేద చప్పట్లు కొట్టింది. వకుళ పాటలు పాడింది. వాడు చాప మీద పడుకొని మా సర్కసు చూసినాడు.

నాకు భయమేస్తా ఉండాది. నిజంగా.

జనవరి 17, శనివారం
సాయంత్రం 5:20

వరసగా రాస్తా.

మా స్కూలు లెక్కల సారు రాజారత్నం బజార్లో కనిపించి, కనుమకు వాళ్ళింట్లో చేసిన మురుకుల పొట్లం చేతిలో పెట్టినాడు. వద్దన్నా. రెండుసార్లు అన్నా. మూడోసారి అనలా. పండగ పూట ఇచ్చింది కాదంటే వాళ్ళ ఇంటామె ఏమనుకుంటాది?

పదకొండు రోజులు! మనిషినబ్బా నేను!

ఇంటికొచ్చి నేరుగా బాత్రూముకు పోయినా. గడియ పెట్టినా. నమిలే సద్దు బయటికి వినపడకుండా కొళాయి తిప్పినా. నువ్వులేసిన మురుకులు. వెన్న వాసన. ఒకటి కొరికినా.

తలుపు మీద గీరిన సద్దు.

"స్నానం చేస్తా ఉండా!" అన్నా.

మళ్ళీ గీరినారు. వకుళ అయితే తలుపు బాదుతాది గానీ గీరదు.

కొళాయి కట్టేసి తలుపు తీసినా. సిపాయి! చాప మీద నుంచి లేచి, హాలంతా దాటి, వంటిల్లు దాటి, బాత్రూము దాకా వచ్చినాడు. నాలుగు కాళ్ళ మీద. వెనక కుడికాలు గడగడ వణకతా ఉండాది, గానీ కిందే ఉండాది. నేల మీదే ఉండాది!

"వకుళా!" అని అరిచినా. నోట్లో మురుకు ఉండేసరికి మాట సగమే వచ్చింది.

ఆమె పరిగెత్తి వచ్చి వాడి కాలు చూసింది. తర్వాత నా చేతిలో పొట్లం చూసింది. మళ్ళీ కాలు చూసింది. "నడిచినాడా?"

"నడిచినాడు."

ఆడనే నేల మీద కూర్చొని వాడి మెడ కావలించుకొని బోరున ఏడ్చింది. శ్రీవేద వచ్చింది, ఏడ్చింది. నేనూ ఏడ్చినా. ఏడవకుండా ఉన్నది సిపాయి ఒక్కడే. వాడు మురుకు మీద నుంచి కండ్లు తిప్పలా.

మురుకు చేతిలో పట్టుకొని ఒక్కడుగు వెనక్కి వేసినా. వాడు ఒక్కడుగు ముందుకు వేసినాడు. ఇంకో అడుగు. వాడూ ఇంకో అడుగు. వంటిల్లు. హాలు. మా ఇంటామె, కూతురు ఊపిరి బిగపట్టి రెండు పక్కలా నడిచినారు. వసారా దాకా వచ్చినాము. వాడు ఆగలా!

వసారా చివర నేనే ఆగినా. సిపాయి నా మొగం చూసినాడు. నేను వకుళ మొగం చూసినా. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొని, అటు పక్కకు తిరిగి నిలబడి అనింది:

"ఒక్కటే పెట్టండి. ఇంత దూరం నడిచినాడు."

జనవరి 18, ఆదివారం
పొద్దున 5:10

ఈ పొద్దునించి పథ్యం. కొత్త చార్టు. ఫ్రిజ్జు మీద పాతదాన్ని చించేసినా.

5:30 నడక. హాలు నుంచి వసారా దాకా. కోచ్ ముందర, చేతిలో మురుకు. చూపించేదానికి మాత్రమే.
7:00 ఒక కప్పు. అంచుకు సమంగా.

6:05
పోయి వచ్చినాము. కాలు ఒక్కసారి కూడా ఎత్తలా! వాడు నడుస్తాడు. నాకు ఇంగ అనుమానం లేదు, వాడు నడుస్తాడు.

మురుకు సిపాయి తినలా. దేవుడి తోడు.

మధ్యాహ్నం రాజారత్నం సారుకు ఫోన్ చేసి ఇంకో పొట్లం అడగాల. ట్రైనింగుకు.